సీటీలో ఏమీ లేదన్నారు, మనిషి మాత్రం మునుపటిలా లేడు. ఫంక్షనల్ ఎంఆర్ఐ తీయించాలా?

చీమకుర్తి తమ్ముడు · మార్చి 11, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా అన్నయ్య ఇక్కడ గ్రానైట్ యార్డులో లెక్కలు చూస్తాడు. రాయి పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలవడం ఆలస్యం, ఎన్ని క్యూబిక్ మీటర్లో నోటితోనే చెప్పేస్తాడు. సంక్రాంతికి ముందు ఒంగోలు నుంచి బైకు మీద వస్తుంటే వెనక నుంచి ఆటో తగిలి పడ్డాడు. హెల్మెట్ ఉంది. కొన్ని నిమిషాలు స్పృహ లేదని చూసినవాళ్ళు చెప్పారు. 108లో తీసుకెళ్ళారు. సీటీలో రక్తస్రావం లేదు, ఎముక విరగలేదు. గ్లాస్గో స్కోరు (స్పృహ ఎంతుందో చెప్పే కొలత) పూర్తిగా 15 అని రాసి, మర్నాడు ఇంటికి పంపేశారు.

ఇప్పటికీ తలనొప్పి పోలేదు. వెలుతురు పడదు, పిల్లల అరుపులు పడవు. విచిత్రం ఏమిటంటే లెక్క మాత్రం తప్పడు. కానీ మధ్యాహ్నానికే రోజంతా రాళ్ళు మోసిన వాడిలా డీలా పడిపోతాడు. యజమాని "స్కాన్ బాగానే ఉంది కదా" అంటాడు. ఇంట్లో వాళ్ళకు కూడా అనుమానం మొదలైంది, నాకు అది బాధ.

ఒక పెద్ద ఊళ్ళోని స్కాన్ సెంటర్ వాళ్ళు "ఫంక్షనల్ ఎంఆర్ఐ తీస్తే మెదడు ఎలా పని చేస్తోందో రంగుల్లో కనిపిస్తుంది, కేసుకు కూడా పనికొస్తుంది" అన్నారు. మామూలు ఎంఆర్ఐకి రెండింతల కంటే ఎక్కువ అడుగుతున్నారు. తీయించమంటారా?

ఎంఆర్ఐ గది, ఒంగోలు · మార్చి 11, రాత్రి 10:05

తమ్ముడూ, నేను స్కాన్లు తీసే టెక్నీషియన్‌ని, డాక్టర్‌ని కాను. ఫంక్షనల్ ఎంఆర్ఐ అబద్ధం కాదు. మెదడులో గడ్డ తీసే ముందు, లేదా మూర్ఛకు ఆపరేషన్ చేసే ముందు, మాటకు సంబంధించిన భాగం ఎక్కడుంది, చేతిని కదిలించే భాగం ఎక్కడుంది అని గుర్తించడానికి సర్జన్లు అడుగుతారు. అక్కడ దానికి నిజమైన పని ఉంది. తలకు చిన్న దెబ్బ తగిలిన ఒక్క మనిషికి దీనితో రోగ నిర్ధారణ చేయడం మాత్రం నేను పనిచేసిన చోట ఎక్కడా చూడలేదు.

మీ డాక్టర్ గారు ఎంఆర్ఐ కావాలంటే అందులో ఎస్‌డబ్ల్యూఐ అనే వరుస కూడా ఉందో లేదో అడగండి. సీటీకి అందని సన్నటి రక్తపు మరకలు అందులో నల్లటి చుక్కలుగా పడతాయి. 2013లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, తేలికపాటి దెబ్బ తగిలి సీటీ మామూలుగా ఉన్న వాళ్ళలో 27 శాతం మందికి ఎంఆర్ఐలో ఏదో ఒక లోపం కనిపించింది. అందుకని సీటీ బాగుంది కాబట్టి మెదడుకు ఏమీ కాలేదు అనే మాట మా గదిలో ఎవరూ అనరు.

మూలపేట మూర్తి · మార్చి 11, రాత్రి 10:31

ఈ రంగుల బొమ్మల మీద నాకు నమ్మకం లేదు. 2009లో అమెరికాలో కొందరు చచ్చిన సాల్మన్ చేపను ఎంఆర్ఐ యంత్రంలో పెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపించి, "వీళ్ళ మనసులో ఏముందో చెప్పు" అని అడిగారు. చేప మెదడులో ఎర్రటి చుక్కలు వచ్చాయి! మన నెల్లూరు వాళ్ళయితే ఈపాటికి పులుసు పెట్టేవాళ్ళు, అది వేరే సంగతి. డబ్బులు దాచుకోండి.

కావలి కోకిల · మార్చి 11, రాత్రి 11:20

మూర్తి గారు, చేప కథ నిజమే, కానీ సగమే చెప్పారు. ఆ ప్రయోగం చేసిన వాళ్ళు మెదడు స్కాన్ల పరిశోధకులే. మెదడును వేల చిన్న గడులుగా విడగొట్టి ఒక్కో గడిని విడిగా పరీక్షిస్తే, కేవలం యాదృచ్ఛికంగా కొన్ని గడులు వెలిగినట్టు వస్తాయి. ఆ లెక్క సరిచేయగానే చేప మెదడులోని చుక్కలన్నీ పోయాయి. సరిచేయకుండా ఫలితాలు ప్రకటించే తోటి పరిశోధకులకు చురక వేయడానికే ఆ చేపను పడుకోబెట్టారు. 2016లో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. ఎంతో మంది వాడే సాఫ్ట్‌వేర్లలో ఒక రకం గణాంక పద్ధతి, కొన్ని సందర్భాల్లో 70 శాతం దాకా తప్పుడు ఫలితాలు ఇస్తోందని ఎక్లుండ్ బృందం చూపించింది. ఆ తర్వాత ఈ రంగం చాలా జాగ్రత్త నేర్చుకుంది.

నేను బెంగళూరులో ఈ స్కాన్ల లెక్కలు చూసే విద్యార్థిని. తమ్ముడు గారి ప్రశ్నకు రేపు తీరిగ్గా రాస్తాను. "లెక్క తప్పడు, కానీ డీలా పడిపోతాడు" అన్నారే, ఆ ఒక్క వాక్యం మీద ఇరవై ఏళ్ళకు పైగా పరిశోధన నడుస్తోంది.

నెల్లూరు మాష్టారు · మార్చి 12, ఉదయం 6:15

పొద్దున్నే లేచే అలవాటు కాబట్టి ఆ అమ్మాయి కంటే ముందు నేను అందుకుంటున్నాను. ఫిజియాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను.

మెదడు బరువు ఒంటి బరువులో రెండు శాతమే. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడే ఆక్సిజన్‌లో ఐదో వంతు మాత్రం అదే లాగేస్తుంది. దాచుకునే అలవాటు దానికి లేదు, ఎప్పటికప్పుడు రక్తం అందాలి. ఒక చోట నాడీకణాలు చురుకైతే అక్కడికి రక్తం పెరుగుతుంది. సోమశిల కాలువ కింద నీళ్ళు వదిలే లస్కర్‌ను ఒక మడికి నీళ్ళు కావాలని అడిగితే, ఆ మడికి సరిపడా కొలిచి వదలడు కదా, తూము ఎత్తేస్తాడు, అవసరానికి మించి వస్తాయి. మెదడులోనూ అంతే. కణాలు వాడుకునే దానికంటే ఎక్కువ ఆక్సిజన్ రక్తం వచ్చి పడుతుంది. ఆక్సిజన్ విడిచేసిన హీమోగ్లోబిన్‌కు అయస్కాంత గుణం ఉందని 1936లోనే పౌలింగ్, కొరియెల్ కనిపెట్టారు. అది చుట్టుపక్కల నుంచి యంత్రానికి అందే ఎంఆర్ఐ సంకేతాన్ని కాస్త చెడగొడుతుంది. కొత్త రక్తం వచ్చి దాన్ని తోసేస్తే సంకేతం కొద్దిగా పెరుగుతుంది. 1990లో సీజీ ఒగావా దీన్ని ఎలుకల మెదడులో చూపించాడు. 1992 నాటికి మనుషుల్లోనూ చూశారు.

కాబట్టి ఆ యంత్రం ఆలోచనను చూడదు. కణం మిణుకుమన్న అయిదారు సెకన్ల తర్వాత శిఖరానికి చేరే రక్తపు పొంగును చూస్తుంది. అది కూడా ఒకటి రెండు శాతం తేడా, అంతే.

దెబ్బ సంగతి కూడా చెబుతాను. తల ఒక్కసారిగా ఊగి ఆగినప్పుడు కణాల పొరలు సాగుతాయి. పొటాషియం బయటకు, కాల్షియం లోపలికి. వాటిని మళ్ళీ సర్దడానికి పంపులు రేయింబవళ్ళు గ్లూకోజు తింటాయి. సరిగ్గా అప్పుడే రక్తప్రవాహం తగ్గుతుంది. గీజా, హోవ్డా 2001లో దీన్నంతా ఒక చోట చేర్చి రాశారు. సీటీలో రక్తమో, విరిగిన ఎముకో ఉంటే కనిపిస్తుంది. ఆకలేసిన కణం కనిపించదు.

మూలపేట మూర్తి · మార్చి 12, ఉదయం 8:02

మాష్టారూ, నమస్కారం. మీ లస్కరు మాటతోనే అడుగుతాను. దెబ్బకు తూమే తుప్పు పట్టి సరిగా లేవకపోతే? నీళ్ళు తక్కువ వచ్చాయంటే పైరు లేదని అనుకోవాలా, తూము చెడిందని అనుకోవాలా?

కావలి కోకిల · మార్చి 12, మధ్యాహ్నం 1:40

మూర్తి గారు, పరిశోధకులకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న సరిగ్గా అదే. తలకు దెబ్బ తగిలాక మెదడు రక్తనాళాలు సాగి ముడుచుకునే తీరు కూడా మారవచ్చు. అప్పుడు సంకేతం తగ్గితే అది నాడీకణాల లోపమో, రక్తనాళాల లోపమో విడదీయడం కష్టం. అందుకని కొందరు గాలిలో కార్బన్ డయాక్సైడు కాస్త పెంచి పీల్పించి, లేదా ఊపిరి బిగబట్టమని చెప్పి, నాళాల స్పందనను విడిగా కొలుస్తారు. పొద్దున తాగిన కాఫీ కూడా మెదడులో రక్తప్రవాహాన్ని తగ్గిస్తుంది. నిద్రలేమి, నొప్పి మాత్రలు, దిగులు, ఇవన్నీ సంకేతాన్ని కదిలిస్తాయి. తలకు దెబ్బ తగిలిన వాళ్ళలో ఇవన్నీ ఉంటాయి కదా. అందుకే మంచి అధ్యయనాల్లో ఆరోగ్యవంతులతో పోల్చి ఊరుకోరు, కాలో చెయ్యో విరిగి తలకు ఏమీ కాని వాళ్ళను కూడా పెట్టుకుని వాళ్ళతో పోలుస్తారు.

ఇక తమ్ముడు గారి అన్నయ్య సంగతి.

1999లో అమెరికాలోని డార్ట్‌మత్‌లో మెకాలిస్టర్ బృందం ఒక ప్రయోగం చేసింది. దెబ్బ తగిలి నెల కావస్తున్న వాళ్ళను యంత్రంలో పడుకోబెట్టి అక్షరాలు ఒక్కొక్కటే వినిపించారు. ఇప్పుడు విన్నది, దానికి ఒకటి ముందు విన్నది ఒకటేనా? తేలిక. రెండు ముందు విన్నదా? కాస్త కష్టం. ఈ పరీక్ష పేరు ఎన్-బ్యాక్. జవాబుల్లో దెబ్బ తిన్నవాళ్ళు, తిననివాళ్ళు దాదాపు సమానంగా వచ్చారు. కానీ తేలిక నుంచి కష్టానికి వెళ్ళేటప్పుడు, దెబ్బ తిన్నవాళ్ళ మెదడులో చాలా ఎక్కువ భాగం వెలిగింది. అదే మార్కులకు ఎక్కువ శ్రమ. మీ అన్నయ్య లెక్క తప్పకుండానే మధ్యాహ్నానికి అలసిపోవడం దీనికి దగ్గరగా ఉంది కదూ!

2001లో వాళ్ళే ఇంకో మెట్టు పెంచి, మూడు ముందు విన్న అక్షరం అడిగారు. మామూలు వాళ్ళ మెదడు ఇంకాస్త చురుకైంది. దెబ్బ తిన్నవాళ్ళది దాదాపు అక్కడే ఆగిపోయింది. ఉన్న శక్తినంతా మధ్య మెట్టు దగ్గరే ఖర్చు పెట్టేశారని ఒక వ్యాఖ్యానం.

ఇంతవరకు బాగానే ఉంది. 2004లో మాంట్రియల్‌లో దెబ్బ లక్షణాలు పోని క్రీడాకారులను చూస్తే, నుదుటి వెనక భాగంలో స్పందన తక్కువగా వచ్చింది. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. పరీక్ష ఎంత కష్టమైంది, దెబ్బ తగిలి ఎన్నాళ్ళయింది, లక్షణాలు ఉన్నాయా పోయాయా, వీటిని బట్టి మారుతుందని వివరణలు ఉన్నాయి. అవి నాకూ సబబుగానే తోస్తాయి. కానీ ఎక్కువ వెలిగినా దెబ్బే, తక్కువ వెలిగినా దెబ్బే అనే కొలత ఒక్క మనిషికి ఎలా పనికొస్తుంది? చాలామంది సగటును ఇంకో చాలామంది సగటుతో పోలిస్తేనే తేడా తెలుస్తుంది. మీ అన్నయ్య బొమ్మ ఒక్కటే ముందు పెట్టి ఇది దెబ్బ తిన్న మెదడు అని చెప్పగలిగిన వాళ్ళు లేరు. దెబ్బకు ముందు ఆయన మెదడు ఎలా వెలిగేదో తెలిపే స్కాన్ లేదు కదా. 2014లో అమెరికా రేడియాలజీ నిపుణులు కూడా, ఒక్కొక్క రోగికి రోజువారీ వైద్యంలో దీన్ని వాడడానికి ఆధారాలు చాలవనే రాశారు.

తీయించవద్దు. ఇది నా అభిప్రాయం, గట్టి అభిప్రాయం.

చీమకుర్తి తమ్ముడు · మార్చి 12, రాత్రి 8:48

అక్కా, "అదే మార్కులకు ఎక్కువ శ్రమ" అన్న మాట మా వదినకు చదివి వినిపించాను. రెండు సార్లు చదివించుకుంది.

అయితే స్కాన్ లేకపోతే యజమానికి, ఇన్సూరెన్స్ వాళ్ళకు ఏం చూపించాలి? ఆటో మీద కేసు వేయాలని బంధువులు అంటున్నారు.

నల్లకోటు, ఒంగోలు · మార్చి 12, రాత్రి 9:30

ఇది నా విభాగం. మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌కు రంగుల బొమ్మ అక్కర్లేదు. ఆసుపత్రి కాగితాలు వరుస తప్పకుండా కావాలి: 108లో ఎక్కించినప్పటి వివరం, స్పృహ తప్పిందని తొలిరోజే రాసిన మాట, ఎఫ్ఐఆర్, తర్వాత చూపించుకున్న ప్రతి చీటీ. 2010లో రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. శరీరానికి ఎంత శాతం వైకల్యం అన్నది ఒకటి, దానివల్ల ఆ మనిషి సంపాదన శక్తి ఎంత తగ్గింది అన్నది వేరొకటి. నోటి లెక్కలతో బతికే మనిషికి మధ్యాహ్నం తర్వాత తల పనిచేయకపోతే, అది చేత్తో పనిచేసే మనిషికి అయ్యే నష్టం లాంటిది కాదు. దాన్ని యార్డులో తోటివాళ్ళ సాక్ష్యం, డాక్టర్ సాక్ష్యం, పనిలో తగ్గిన జీతం చెబుతాయి. చట్టానికి 2019లో చేసిన సవరణలో ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపు దరఖాస్తు అని పెట్టారు, ఆలస్యం చేయవద్దు.

అవతలి లాయరు ఆ స్కాన్ తీసిన మనిషిని బోనులో నిలబెట్టి "ఇలా వెలగడానికి దెబ్బే కారణమా, నిద్రలేమి కాదా?" అని అడిగితే ఏం జవాబు వస్తుంది? పై పోస్టు చదివాక నాకు జవాబు తెలిసిపోయింది, అవతలి వాళ్ళకు కూడా తెలుస్తుంది.

కక్షిదారులు కొందరు దీన్ని బ్రెయిన్ మ్యాపింగ్ అనుకుంటారు. 2010లోనే సెల్వి కేసులో సుప్రీంకోర్టు బలవంతంగా చేయవద్దన్న పరీక్ష అది. నేర విచారణలో అనుమానితులకు మెదడు విద్యుత్ తరంగాలతో చేసేది. దానికీ దీనికీ సంబంధం లేదు.

కందుకూరు అమ్మ · మార్చి 13, ఉదయం 10:10

మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. మా అబ్బాయి ఇంటర్, కబడ్డీ ఆడతాడు. గత వారం కూతకు వెళ్ళి పట్టుబడినప్పుడు తల నేలకు కొట్టుకుని కొంతసేపు దిమ్మ తిరిగింది. ఆటాపలేదు! మూడు రోజులకు తలనొప్పి తగ్గింది. ఆదివారం టోర్నమెంట్ ఉంది, వెళ్తానని గొడవ. పంపవచ్చా?

కావలి కోకిల · మార్చి 13, ఉదయం 11:05

అమ్మా, ముందు డాక్టర్‌కు చూపించండి, ఆదివారం ఆట మానిపించండి. దిమ్మ తిరిగిన రోజే ఆట ఆపి ఉండాల్సింది. ఇప్పుడు ప్రపంచమంతా పాటించే సలహా, మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఆ తర్వాత నడక, తేలిక పరుగు, ఒంటరి సాధన ఇలా మెట్టు మెట్టుగా పెంచడం. లక్షణం తిరిగి వస్తే ఒక మెట్టు దిగాలి. పట్టు పట్టే ఆట చివరి మెట్టు, అదీ డాక్టర్ సరేనన్నాకే. చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టే పాత పద్ధతి కూడా మంచిది కాదు.

ఈ స్కాన్ల పరిశోధన ఇక్కడ పనికొచ్చింది. తలనొప్పి పోయాక కూడా కొందరిలో మెదడు స్పందన మామూలు స్థితికి రాలేదని కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. నొప్పి పోయింది కదా అని వెంటనే దించకూడదని చెప్పడానికి అది ఒక కారణం.

వేదిక నిర్వాహకుడు · మార్చి 13, ఉదయం 11:30

చదివే అందరికీ: తలకు దెబ్బ తగిలాక పదే పదే వాంతులు, మత్తు పెరగడం, మూర్ఛ, ఒక చెయ్యి కాలు పట్టు తప్పడం, ఒక కంటి పాప పెద్దది కావడం, ముక్కు నుంచి గానీ చెవి నుంచి గానీ నీరులా కారడం, వీటిలో ఏది కనిపించినా ఇక్కడ పోస్టు రాస్తూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. రక్తం పలచబడే మందులు వాడే పెద్దవాళ్ళను దెబ్బ చిన్నదైనా చూపించండి.

మూలపేట మూర్తి · మార్చి 13, సాయంత్రం 5:20

కోకిల గారు, మీరే తీయించవద్దంటున్నారు, మీరే దాని మీద పనిచేస్తున్నారు. మరి మీ జీతానికి అర్థం?

కావలి కోకిల · మార్చి 13, రాత్రి 10:45

జీతం కాదు, ఫెలోషిప్, అదీ ఆలస్యంగా వస్తుంది.

1995లో భరత్ బిస్వాల్ అనే భారతీయుడు అమెరికాలో ఒక వింత గమనించాడు. మనిషి ఏమీ చేయకుండా పడుకున్నా, రెండు చేతులను కదిలించే ఎడమ, కుడి భాగాలు ఒకే లయలో మెల్లగా ఎక్కి దిగుతున్నాయి. అప్పట్లో చాలామంది అది యంత్రపు గోల అన్నారు. ఇప్పుడు ఆ పడుకున్న మెదడు మీదే సగం రంగం నడుస్తోంది. పరీక్ష లేదు, అక్షరాలు లేవు, చదువుతో పని లేదు, కదలకుండా కొన్ని నిమిషాలు పడుకుంటే చాలు. దెబ్బ తిన్నవాళ్ళకు ఇది దేవుడిచ్చిన వరం. బెంగళూరులోని మెదడు, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, తేలికపాటి దెబ్బ తగిలిన వాళ్ళను 36 గంటలలోపు, మళ్ళీ మూడు నెలలకు, ఆరు నెలలకు ఇలా పడుకోబెట్టి స్కాన్ చేసి, మెదడు భాగాల మధ్య లయ ఎలా మారుతూ కోలుకుంటుందో చూశారు. మన దేశపు రోడ్ల మీద పడ్డ మనుషుల మీద చేసిన పని అది.

నాకు కావలసింది, కోలుకునే దారి ఎలా ఉంటుందో తెలియడం. ఎవరికి మూడు నెలల్లో తగ్గుతుంది, ఎవరికి ఏడాది పడుతుంది అన్నది ముందే చెప్పగలిగితే, చీమకుర్తి తమ్ముడు లాంటి వాళ్ళకు ఎవరూ స్కాన్ అమ్మాల్సిన పని ఉండదు. ఈ రోజుకు చెప్పలేము. నమ్మకం కలిగే వరకు అమ్మకూడదు, అంతే తేడా.

ఎంఆర్ఐ గది, ఒంగోలు · మార్చి 14, ఉదయం 7:30

కదలకుండా పడుకోవడం అంటే వినడానికి తేలిక. ఆ యంత్రపు చప్పుడులో, తలనొప్పితో, ఒకరికి దగ్గు, ఒకరికి గుబులు. కొద్ది మిల్లీమీటర్లు కదిలినా ఈ లెక్కలన్నీ పాడు. అది కూడా ఆ సెంటర్ వాళ్ళు చెప్పి ఉండరు.

చీమకుర్తి తమ్ముడు · మార్చి 17, రాత్రి 9:00

నరాల డాక్టర్ గారికి చూపించాము. ఫంక్షనల్ స్కాన్ అవసరం లేదన్నారు. నిద్రకు, తలనొప్పికి మందు రాశారు. నొప్పి మాత్రలు రోజూ మింగడం వల్ల కూడా తలనొప్పి వస్తుందని తగ్గించమన్నారు. జ్ఞాపకం, ఏకాగ్రత పరీక్షలు చేసే సైకాలజిస్టు దగ్గరకు చీటీ ఇచ్చారు. యార్డులో పొద్దున పూట మాత్రమే లెక్కలు, మధ్యలో విరామం అని రాసి ఇచ్చారు. యజమాని ఆ చీటీ చూసి ఏమీ అనలేదు.

ఒక్క సందేహం. అన్నయ్య పదో తరగతి వరకు తెలుగులో చదివాడు. ఆ పరీక్షలు ఇంగ్లీషులో ఉంటాయా? ఇంకొకటి, బెంగళూరు పరిశోధనలో చేరతానంటున్నాడు, అక్కడ తీసిన స్కాన్ రిపోర్టు మనకు ఇస్తారా?

కావలి కోకిల · మార్చి 17, రాత్రి 10:20

మంచి డాక్టర్ దొరికారు. పరీక్షల విషయంలో ముందే అడగండి. నిమ్హాన్స్ వాళ్ళు 2004లో మన దేశపు వాళ్ళ కోసం వయసు, చదువు బట్టి ప్రమాణాలు చూసే పరీక్షల సమూహం తయారు చేశారు. తెలుగు వచ్చిన సైకాలజిస్టు అయితే సూచనలు తెలుగులో చెబుతారు. ఎక్కువ సమయం పట్టే పరీక్షలను మధ్యాహ్నం పెట్టమని అడగండి, అలసట ఎక్కడ మొదలవుతుందో అప్పుడే కనిపిస్తుంది.

పరిశోధనలో చేరడం గురించి: ప్రతి అధ్యయనానికి ఇలాంటి వాళ్ళే కావాలి అనే షరతులుంటాయి. దెబ్బ తగిలిన కొద్ది గంటల్లోనే చేర్చుకునే వాటిలో అన్నయ్యకు ఇప్పుడు చోటు ఉండదు. చేరినా అది వైద్యం కాదు. మామూలుగా వ్యక్తిగత రిపోర్టు ఇవ్వరు, కోర్టుకు చూపించేందుకు అస్సలు ఇవ్వరు. స్కాన్‌లో అనుకోకుండా గడ్డ లాంటిది ఏదైనా కనిపిస్తే మాత్రం చెబుతారు. ఎప్పుడు మానేయాలనిపించినా మానేయవచ్చు, దాని వల్ల ఆయన వైద్యానికి అడ్డం రాదు. ఇవన్నీ సమ్మతి పత్రంలో రాసి ఉండాలి. ఆ పత్రం తెలుగులో ఇవ్వమని అడగండి, లేదంటే చదివి వినిపించమనండి. సంతకం ఆ తర్వాతే.

నల్లకోటు, ఒంగోలు · మార్చి 17, రాత్రి 10:41

యజమానికి ఇచ్చిన ఆ చీటీకి జిరాక్సు తీసి పెట్టుకో తమ్ముడూ. తేదీ, డాక్టర్ ముద్ర ఉన్నాయో లేదో చూసుకో.